కణాలకు అందే కబుర్లు

కూరలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. మొదట రక్తం వస్తుంది. కాసేపటికి గడ్డకడుతుంది. నాలుగైదు రోజులలో గాయం అంచుల నుండి కొత్త చర్మం పెరగడం మొదలవుతుంది. వారం పది రోజులు గడిచేసరికి రెండు అంచులూ కలిసిపోతాయి. ఇంతవరకు మీకు తెలిసినదే. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. అంచులు కలిసిన తరువాత చర్మం పెరగడం ఎందుకు ఆగిపోయింది? అలాగే పెరుగుతూపోతే వేలిమీద గుమ్మడికాయంత గడ్డ లేవాలి గదా!

అంటే గాయం తగిలినప్పుడు "విభజన చెందండి" అని ఎవరో కణాలకు చెప్పారన్నమాట. పని పూర్తికాగానే "ఇక చాలు" అని కూడా ఎవరో చెప్పారు. ఆ చెప్పేదెవరు? వినేదెవరు? ఆ మాట కణం లోపలికి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదుకుతూ పోయిన శాస్త్రజ్ఞులకు మధ్యదారిలో మరొక పెద్ద ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. ఆ ప్రశ్న ఏమిటంటే, కాన్సరు ఎందుకు వస్తుంది?

మన పెద్దవాళ్ళు రాచపుండు అని పిలిచే వ్యాధి ఇదే. దీని పేరు వింటేనే అందరికీ భయం. భయం ఉన్నచోట అపోహలు కూడా ఉంటాయి. కాబట్టి దీని సంగతి కాస్త నిదానంగా, మొదటినుండి చూద్దాం.

లక్షల కోట్ల కణాలు, ఒకే క్రమశిక్షణ

మన శరీరంలో సుమారు 30 నుండి 37 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. అన్నీ ఒకే తీరుగా ఉండవు. మెదడులోని నాడీకణాలలో చాలా భాగం జన్మంతా విభజన చెందకుండానే ఉంటాయి. పేగుల లోపలి పొర కణాలు నాలుగైదు రోజులకు ఒకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. ఎముకల మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రరక్తకణాలను తయారుచేస్తుంది. మీరు ఈ వాక్యం చదివినంతసేపట్లో మీ ఒంట్లో ఒక పెద్ద నగరం జనాభా అంత ఎర్రకణాలు పుట్టాయి!

ఇన్ని కణాలలో ఏ ఒక్కటీ తన ఇష్టం వచ్చినట్లు విభజన చెందదు. కబురు వస్తేనే విభజన. కబురు రాకపోతే ఊరకుంటుంది. "నీ పని అయిపోయింది, తప్పుకో" అని కబురు వస్తే ప్రాణం కూడా విడిచేస్తుంది. కప్పపిల్ల తోక మాయమవడం మీరు చెరువులో చూసే ఉంటారు. ఆ తోక ఊడిపోలేదు. తోకలోని కణాలకు థైరాయిడ్ హార్మోను ద్వారా కబురు అందింది. అవి ఒక క్రమంలో చనిపోయి తోక కరిగిపోయింది. తల్లి గర్భంలో మన చేతివేళ్ళ మధ్య కూడా మొదట బాతుకాలికి ఉన్నట్లు పొర ఉంటుంది. ఆ పొరలోని కణాలు సమయానికి చనిపోబట్టే మనకు విడివిడిగా ఐదు వేళ్ళు ఉన్నాయి.

కబురు మోసే పదార్థం

ఈ కబుర్లు గాలిలో రావు. అవి రసాయన పదార్థాలు. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఎలుకల లాలాజల గ్రంథుల నుండి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించి చూశాడు. మామూలుగా రెండు వారాలకు కళ్ళు తెరవవలసిన పిల్లలు వారం రోజులకే తెరిచాయి. పళ్ళు కూడా ముందే వచ్చాయి. ఆ రసంలో చర్మకణాలను త్వరగా పెరగమని చెప్పే పదార్థమేదో ఉన్నదన్నమాట. దానిని వేరుచేసి 1962లో ఆయన ప్రకటించాడు. అది ఒక చిన్న ప్రోటీను. చర్మంపై పొర పెరుగుదలకు తోడ్పడుతుంది గనుక దానిని ఉపరిచర్మ వృద్ధికారకం అనవచ్చు. నాడీకణాల వృద్ధికారకాన్ని కనుగొన్న రీటా లెవీ మోంటాల్చీనితో కలిసి ఆయన 1986లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఇలాంటి వృద్ధికారకాలు ఎన్నో ఉన్నాయి. అయితే ఇవి కణం లోపలికి పోలేవు. కణత్వచం అడ్డుగా ఉంటుంది. మరి కేంద్రకంలోని జన్యువులకు విషయం తెలిసేదెలా?

బడి గేటు నుండి గంట దాకా

మీ బడినే ఊహించుకోండి. జిల్లా కార్యాలయం నుండి ఒకాయన సెలవు కబురు తెచ్చాడు. ఆయన నేరుగా తరగతిలోకి రాడు. గేటు దగ్గర కాపలాదారుకు చెబుతాడు. కాపలాదారు అటెండరుకు చెబుతాడు. అటెండరు వెళ్ళి హెడ్మాస్టరుగారికి చెబుతాడు. ఆయన గంట కొట్టమంటారు. గంట మోగగానే అన్ని తరగతుల పిల్లలూ ఒక్కసారిగా బయటికి వస్తారు. కబురు తెచ్చినాయన గేటు దాటలేదు. అయినా పని జరిగింది.

కణంలో కూడా ఇదే పద్ధతి. కణత్వచంలో అక్కడక్కడ గ్రాహకాలు అనే ప్రోటీనులు గుచ్చుకుని ఉంటాయి. వాటి తల బయట, తోక లోపల. ఇవే మన కాపలాదారులు. ఒక్కొక్క వృద్ధికారకానికి దానికి తగిన గ్రాహకం ఉంటుంది. తాళానికి తాళంచెవిలాగా అది వచ్చి తలకు అతుక్కోగానే లోపల ఉన్న తోకలో మార్పు వస్తుంది. తోక పక్కనున్న ప్రోటీనును తట్టి లేపుతుంది. అది మరొకదానిని, అది ఇంకొకదానిని లేపుతుంది. చివరకు కబురు కేంద్రకానికి చేరుతుంది. అక్కడ విభజనకు కావలసిన జన్యువులు పనిలోకి దిగుతాయి. ఈ గొలుసునే సంకేత మార్గం అంటారు.

ఇంతమంది మధ్యవర్తులు ఎందుకని మీరు అడగవచ్చు. రెండు లాభాలున్నాయి. మొదటిది, కబురు పెద్దదవుతుంది. ఒక గ్రాహకం కొన్ని ప్రోటీనులను లేపితే, వాటిలో ఒక్కొక్కటి మరికొన్నింటిని లేపుతుంది. గేటు దగ్గర ఒకరి చెవిలో చెప్పిన మాట చివరకు గంటై బడి అంతా వినిపించినట్లు! రెండవది, మధ్యలో ఎక్కడైనా ఆపే వీలుంటుంది. తప్పుడు కబురయితే హెడ్మాస్టరుగారు గంట కొట్టించరు గదా.

తట్టి లేపడం అంటే ఏమిటి?

ప్రోటీనును ప్రోటీను తట్టి లేపుతుంది అన్నాం. నిజంగా జరిగేదేమిటంటే, ఒక ప్రోటీను మరొకదానికి ఫాస్ఫేటు ముక్కను తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగలగానే ఆ ప్రోటీను ఆకారం కొద్దిగా మారి పనికి సిద్ధమవుతుంది. ఫాస్ఫేటును ఊడబెరికితే మళ్ళీ నిద్రపోతుంది. ఫాస్ఫేటును తగిలించే ఎంజైములకు కైనేజులు అని పేరు. మన కణాలలో 500కు పైగా రకాల కైనేజులు ఉన్నాయి. ఊడబెరికే ఎంజైములు వేరే ఉన్నాయి.

ఆ ఫాస్ఫేటు ఎక్కడినుండి వస్తుంది? ఏ.టి.పి. అనే అణువునుండి. కణంలో శక్తిని నిలవచేసే పదార్థంగా ఏ.టి.పి. పేరు మీరు పాఠంలో చదివే ఉంటారు. దానిని 1929లో కనుగొన్నవారిలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన ఈ పని చేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా దీనిని కనుగొన్నాడు. ఈ ఏ.టి.పి. సంగతి గుర్తుపెట్టుకోండి. కథ చివరలో మళ్ళీ వస్తుంది.

తరగతిలో ఆడి చూడండి

పది పన్నెండు మంది వరుసగా కూర్చోండి. మొదటివాని వీపుమీద ఉపాధ్యాయుడు ఒకసారి తట్టాలి. అతడు ముందున్నవానిని ఒకసారి తట్టి చెయ్యి దించెయ్యాలి. ఇలా చివరిదాకా పోవాలి. చివరివాడు ఒక చప్పట్లు కొట్టాలి. ఒక్క తట్టుకు ఒకే చప్పట్లు వస్తే గొలుసు సరిగా ఉన్నట్లు.

రెండవసారి ఆడేటప్పుడు నడుమనున్న ఒకరికి రహస్యంగా చెప్పండి, ఎవరూ తట్టకపోయినా తట్టుతూనే ఉండమని. ఇక చూడండి! మొదటివాడు చేతులు కట్టుకు కూర్చున్నా చివరివాని చప్పట్లు ఆగవు. ఇప్పుడు చప్పట్లు ఆపాలంటే ఎక్కడ అడ్డుపడాలి? మొదటివానిని వారించి లాభం ఉందా? ఈ ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలిగితే మిగిలిన వ్యాసంలో సగం మీకు తెలిసినట్లే.

కోడిపెట్ట బయటపెట్టిన రహస్యం

1909లో న్యూయార్కులోని రాక్ఫెల్లర్ సంస్థకు రొమ్ముమీద పెద్ద గడ్డ ఉన్న కోడిపెట్ట ఒకటి వచ్చింది. పేటన్ రౌస్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఆ గడ్డను నూరి, బాక్టీరియాలు కూడా దాటలేనంత సన్నని వడపోత గుండా వడకట్టాడు. ఆ రసాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకు ఎక్కించాడు. వాటికీ గడ్డలు లేచాయి. ఆ రసంలో ఉన్నది ఒక వైరసు. 1911లో ఆయన ఈ సంగతి ప్రకటిస్తే ఎక్కువమంది పట్టించుకోలేదు. 55 సంవత్సరాల తరువాత 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకు 87 ఏళ్ళు!

ఆ వైరసులో కాన్సరు కలిగించే జన్యువు ఒక్కటే. దాని పేరు సార్క్. 1976లో కాలిఫోర్నియాలో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్, వారి సహచరులు ఒక విచిత్రం కనుగొన్నారు. వైరసు సోకని మామూలు కోడి కణాలలో కూడా సార్క్ జన్యువు ఉన్నది! బాతులో, టర్కీ కోడిలో, చివరకు ఈము పక్షిలోనూ ఉన్నది. తరువాత మనిషిలోనూ దొరికింది. అంటే ఆ జన్యువు వైరసు సొత్తు కాదు. ఎప్పుడో వైరసు దానిని కోడినుండి ఎత్తుకుపోయింది. ఎత్తుకుపోయాక అది చెడిపోయింది. ఈ పరిశోధనకు బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ బహుమతి లభించింది.

ఇందులోని పాఠం చాలా పెద్దది. కాన్సరు జన్యువు ఎక్కడినుండో వచ్చిన శత్రువు కాదు. మన కణాలలో రోజూ మంచి పని చేసే జన్యువే చెడిపోయి కాన్సరు జన్యువు అవుతుంది.

మరి సార్క్ చేసే మంచి పని ఏమిటి? 1978లో తేలింది, సార్క్ ప్రోటీను ఒక కైనేజు అని. అంటే ఫాస్ఫేటు తగిలించి కబురు మోసేవారిలో అదీ ఒకటి. అప్పటివరకు ఫాస్ఫేటులు సెరీన్, థ్రియోనీన్ అనే రెండు ఎమైనో ఆమ్లాలమీదనే తగులుతాయని అనుకునేవారు. 1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో టోనీ హంటర్ ఇలాంటి ప్రోటీనులను పరీక్షిస్తూ పాతబడిన ద్రావణం ఒకటి వాడాడు. నిలవ ఉండి దాని ఆమ్లత్వం కొద్దిగా మారింది. ఆ మార్పువల్ల, మామూలుగా ఒకే మచ్చగా కనిపించవలసినది రెండు మచ్చలుగా విడిపోయింది. ఆ కొత్త మచ్చ టైరోసిన్ అనే మూడవ ఎమైనో ఆమ్లంమీద తగిలిన ఫాస్ఫేటుది. వృద్ధికారకాల గ్రాహకాలలో చాలావాటి తోకలు కూడా టైరోసిన్ కైనేజులేనని తరువాత తెలిసింది. కబుర్ల గొలుసుకూ కాన్సరుకూ ఉన్న ముడి అక్కడ బయటపడింది.

ఒక్క అక్షరం తప్పు

గొలుసులో రాస్ అనే చిన్న ప్రోటీను ఒకటి ఉన్నది. దీనిలో 189 ఎమైనో ఆమ్లాలు ఉంటాయి. ఇది మన ఇంట్లో విద్యుత్తు స్విచ్చి వంటిది. జి.టి.పి. అనే అణువును పట్టుకున్నంతసేపు వెలిగి ఉంటుంది. ఆ అణువును తుంచగానే ఆరిపోతుంది. తుంచే పని కూడా తానే చేసుకుంటుంది. కబురు కిందికి అందించి తనంతట తాను ఆరిపోయే స్విచ్చి అన్నమాట.

1982లో మూత్రాశయ కాన్సరు కణాలలోని రాస్‌ను మామూలు రాస్‌తో పోల్చి చూశారు. మన డి.ఎన్.ఏ.లో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. ఈ రెండు జన్యువుల మధ్య ప్రోటీనును మార్చే తేడా ఒకే ఒక్క అక్షరం! దానివల్ల 12వ స్థానంలో గ్లైసిన్ ఉండవలసినచోట వాలిన్ వచ్చింది. ఫలితంగా రాస్ జి.టి.పి.ని తుంచలేకపోయింది. స్విచ్చి వెలిగినది వెలిగినట్లే ఉండిపోయింది. బయటినుండి ఏ కబురూ రాకపోయినా "విభజన చెందు, విభజన చెందు" అని కేంద్రకానికి చెబుతూనే ఉంటుంది. మనుషుల కాన్సరులలో దాదాపు ఐదింట ఒక వంతులో ఏదో ఒక రాస్ జన్యువు ఇలా చెడి ఉంటుంది. క్లోమగ్రంథి కాన్సరులో అయితే పదింట తొమ్మిదింటిలో చెడి ఉంటుంది.

బ్రేకులు కూడా తెగిపోతే

అయితే ఒక్క స్విచ్చి చెడితే వెంటనే కాన్సరు వచ్చేస్తుందా? రాదు. ప్రకృతి అంత అజాగ్రత్తగా లేదు. కణంలో తనిఖీ అధికారులు కూడా ఉన్నారు. వారిలో ముఖ్యమైనది 1979లో కనుగొన్న పి53 అనే ప్రోటీను. డి.ఎన్.ఏ. దెబ్బతిన్నదని కబురు రాగానే పి53 విభజనను నిలిపివేస్తుంది. మరమ్మతుకు సమయం ఇస్తుంది. మరమ్మతు కాకపోతే కణాన్ని చనిపొమ్మని ఆజ్ఞాపిస్తుంది. ఒక కణం పోయినా మిగిలిన శరీరం క్షేమంగా ఉంటుంది.

ఏనుగు మనకంటె ఎన్నో రెట్లు పెద్దది. కణాలూ అన్ని రెట్లు ఎక్కువే. అయినా ఏనుగులకు కాన్సరు చాలా అరుదు. కారణమేమని వెదికితే 2015లో ఒక సంగతి బయటపడింది. పి53 జన్యువు మనలో ఒక జత ఉంటే ఏనుగులో 20 జతలున్నాయి! ఏనుగు కణాలలో డి.ఎన్.ఏ. దెబ్బతింటే అవి మన కణాలకంటె తొందరగా ప్రాణం విడుస్తాయి.

మనుషుల కాన్సరులలో సుమారు సగంలో పి53 చెడిపోయి ఉంటుంది. ఒక కణంలో ముందుకు తోసే స్విచ్చి ఇరుక్కోవాలి. ఆపే బ్రేకు తెగాలి. చనిపొమ్మనే కబురు వినబడకుండా పోవాలి. ఇలాంటి మార్పులు ఒకదానిమీద ఒకటి చేరడానికి సంవత్సరాలు, పదుల సంవత్సరాలు పడుతుంది. అందుకే చాలా కాన్సరులు పెద్ద వయస్సులో ఎక్కువగా కనిపిస్తాయి.

అక్కడితో ఆగదు. గడ్డ పెరిగేకొద్దీ దాని నడుమనున్న కణాలకు ఆహారం, ఆక్సిజను అందవు. అప్పుడు అవి తామే దొంగ కబుర్లు పంపడం మొదలుపెడతాయి. "ఇక్కడికి రక్తనాళం వేయండి" అని పక్కనున్న రక్తనాళాలకు వృద్ధికారకాన్ని విడుదల చేస్తాయి. అమాయకమైన రక్తనాళం కొమ్మ వేసి గడ్డలోకి పోతుంది. గడ్డ పెరగడానికి రక్తనాళాలు అవసరమని 1971లో జూడా ఫోక్‌మన్ అనే వైద్యుడు చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. ఆ నాళాల గుండానే కొన్ని కణాలు గడ్డను వదిలి ఊపిరితిత్తులకో, కాలేయానికో, ఎముకలకో పోయి కొత్త గడ్డలు పెడతాయి. కాన్సరు ప్రాణం తీసేది ఎక్కువగా ఇలా వ్యాపించినప్పుడే. అంతకుముందే గుర్తించాలని వైద్యులు అంతగా చెప్పేది ఇందుకే.

పొట్టి క్రోమోసోము కథ

ఇప్పుడు ఒక కాన్సరు కథ మొదటినుండి చివరిదాకా చెబుతాను. మజ్జలో తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరిగే దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తకాన్సరు ఒకటి ఉన్నది. మన రక్తంలో ఘనపు మిల్లీమీటరుకు 4,000 నుండి 11,000 వరకు తెల్లకణాలు ఉండాలి. ఈ జబ్బులో అవి లక్ష దాటడం కూడా కద్దు.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనేవారు ఈ రోగుల కణాలను సూక్ష్మదర్శినిలో చూశారు. ఒక క్రోమోసోము మామూలుకంటె పొట్టిగా ఉన్నది. దానికి ఫిలడెల్ఫియా క్రోమోసోము అని పేరు వచ్చింది. తెగిపోయిన ముక్క ఎటుపోయింది? ఆ సంగతి చాలాకాలం తెలియలేదు. షికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరు క్రోమోసోముల ఛాయాచిత్రాలను ఇంటికి తెచ్చుకుని భోజనాల బల్లమీద కత్తిరించి వరుసగా పేర్చి చూసేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటున్నదని పిల్లలు నవ్వేవారట! 1973లో ఆమె ఆ చిక్కు విప్పింది. 22వ క్రోమోసోము చివర ముక్క తెగి 9వ దానికి, 9వ దాని ముక్క తెగి 22వ దానికి అతుక్కున్నాయి. ముక్కలు ఇచ్చిపుచ్చుకున్నాయన్నమాట.

తరువాతి సంవత్సరాలలో ఆ అతుకు దగ్గర ఏమి జరిగిందో తేలింది. 9వ క్రోమోసోముమీద ఏబుల్ అనే కైనేజు జన్యువు ఉంటుంది. 22వ దానిమీద బి.సి.ఆర్. అనే మరొక జన్యువు ఉంటుంది. రెండూ ఒకదానికొకటి అతుక్కుని జంట ప్రోటీను ఒకటి పుట్టింది. మామూలు ఏబుల్ పిలిచినప్పుడే పనిచేస్తుంది. ఈ జంట ప్రోటీను రాత్రింబవళ్ళు ఫాస్ఫేటులు తగిలిస్తూనే ఉంటుంది. ఆటలో ఎవరూ తట్టకపోయినా తట్టుతూనే ఉన్న పిల్లవాడు గుర్తున్నాడా? వాడే వీడు!

మరి వాడికి అడ్డుపడేదెలా? కైనేజులో ఏ.టి.పి. వచ్చి కూర్చునే ఒక గూడు ఉంటుంది. ఆ గూట్లో ఏ.టి.పి.కి బదులు వేరే అణువును కూర్చోబెడితే కైనేజుకు ఫాస్ఫేటు దొరకదు. తట్టడానికి చెయ్యి ఖాళీ అన్నమాట. స్విట్జర్లాండులోని సీబా గైగీ కంపెనీలో నికొలస్ లైడన్, ఆయన సహచరులు అలాంటి అణువును తయారుచేశారు. అమెరికాలోని ఆరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ అనే డాక్టరు దానిని ఈ రక్తకాన్సరుమీద ప్రయోగించాడు. అది జబ్బు కణాలను చంపి మంచి కణాలను చాలావరకు వదిలేస్తున్నదని 1996లో చూపించాడు. 1998లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. 2001లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకుమించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది! ఆ మందు పేరు ఇమాటినిబ్. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం దానిని అనుమతించింది. అంతకుముందు ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమంది కొన్ని సంవత్సరాలకే చనిపోయేవారు. ఇమాటినిబ్‌తో చికిత్స ప్రారంభించినవారిని గమనిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 10 సంవత్సరాల తరువాత 83 శాతం మంది జీవించి ఉన్నారు.

పాత మందు, కొత్త మందు

దీనికి పూర్వం మందులే లేవా? ఉన్నాయి. వాటిలోనూ మన సుబ్బారావుగారి చెయ్యి ఉన్నది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలను తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం అందకపోతే కణం కొత్త డి.ఎన్.ఏ.ను తయారుచేసుకోలేదు. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అలాంటి పదార్థాన్ని రక్తకాన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇచ్చాడు. 1948లో ఆయన వివరించిన 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతవరకు అలాంటి పిల్లలకు ఏ మందూ పనిచేసేది కాదు. అదే సంవత్సరం సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆయన బృందం ఇచ్చిన మెథోట్రెక్సేటును ఈనాటికీ వాడుతున్నారు. ఇప్పుడు చక్కని చికిత్స అందినచోట ఆ రకం రక్తకాన్సరు వచ్చిన పిల్లలలో 10 మందిలో 8 మందికి పైగా బ్రతుకుతున్నారు.

తేడా చూడండి. పాత మందు విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బకొడుతుంది. అందుకే జుట్టు రాలడం, వాంతులు, నోటిపూత వంటి బాధలు కలుగుతాయి. కొత్త మందు చెడిపోయిన ఒక్క ప్రోటీనును వెదికి పట్టుకుంటుంది. దీనికి కూడా కొన్ని దుష్ఫలితాలు లేకపోలేదు. పైగా కాన్సరు కణం మొండిది. గూడు ఆకారం కొద్దిగా మార్చుకుని మందును కూర్చోనివ్వకుండా చేస్తుంది. అప్పుడు ఆ కొత్త గూటికి సరిపడే మరో మందు చేయాలి. అలాంటివీ వచ్చాయి. లొంగని ఘటమని పేరుపడిన రాస్‌మీద కూడా, దానిలో వచ్చే మార్పులలో ఒకదానికి పనిచేసే మందును 2021లో అమెరికా అనుమతించింది. పాత మందులను పక్కన పెట్టలేదు. శస్త్రచికిత్స, కిరణచికిత్స, పాత మందులు, కొత్త మందులు అన్నీ ఎవరికి ఏది తగునో అది వాడుతున్నారు.

మందు కనుగొంటే సరిపోదు, అందాలి కూడా. ఇమాటినిబ్ వచ్చిన కొత్తలో కంపెనీ మందుకు మన దేశంలో నెలకు సుమారు రూ. 1,20,000 అయ్యేది. హైదరాబాదులోని నాట్కోతో సహా మన దేశపు కంపెనీలు అదే మందును నెలకు 8 నుండి 10 వేల రూపాయలకు తయారుచేయగలిగాయి. పేటెంటు విషయమై నోవార్టిస్ కంపెనీ నడిపిన వ్యాజ్యాన్ని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒక కైనేజు గూడు ఆకారం తెలుసుకోవడం ఎక్కడ, ఒక రైతు ఇంట్లో నెల మందులు ఎక్కడ! అయినా రెండింటికీ సంబంధం ఉంది చూడండి.

మీరు అడిగే ప్రశ్నలు

ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, కాన్సరు అంటుకుంటుందా?" అంటుకోదు. పక్కన కూర్చున్నా, ఒకే పళ్ళెంలో తిన్నా, చెయ్యి పట్టుకున్నా కాన్సరు రాదు. అది ఆ మనిషి సొంత కణాలలో వచ్చిన తప్పు. చికిత్స పొంది జుట్టు రాలి తిరిగి బడికి వచ్చిన స్నేహితుడెవరైనా ఉంటే, ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకోండి. అతనికి మందు ఎంత అవసరమో అదీ అంతే అవసరం. కొన్ని వైరసులు మాత్రం కాన్సరుకు దారితీయగలవు. గర్భాశయ ముఖద్వార కాన్సరును కలిగించే వైరసు మన పి53ను నాశనం చేసే ప్రోటీనును తయారుచేస్తుంది. దానికి టీకా ఉన్నది. 9 నుండి 14 ఏళ్ళ మధ్య వేసుకుంటే మేలు.

రెండవ ప్రశ్న: "పాపం చేసినవారికి వస్తుందా?" రాదు. డి.ఎన్.ఏ.ను నకలు తీసేటప్పుడు అనుకోకుండా దొర్లే తప్పులు కొన్ని. మనం చేతులారా తెచ్చుకునేవి మరికొన్ని. ఇందులో పొగాకుదే పెద్ద పీట. పొగాకు పొగలో కాన్సరు కలిగించే పదార్థాలు 60కి పైగా ఉన్నాయి. అవి డి.ఎన్.ఏ.కు అతుక్కుని అక్షరాలు మార్చేస్తాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పు ఉన్నవైపు నోటిలో పెట్టుకుని కాల్చడం చాలాకాలంగా ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. వీరిలో నోటి పైభాగమైన అంగిలికి కాన్సరు రావడం ఎక్కువని వైద్యులు ఎన్నోసార్లు చూపించారు. వేడి, పొగ తగిలినచోటనే జబ్బు! గుట్కా, ఖైనీ దవడలో పెట్టుకునేవారికి అక్కడే పుండు లేవడం కూడా ఇందుకే.

మీ ఇంట్లో పెద్దవారికి నోటిలో మూడు వారాలైనా మానని పుండు ఉన్నా, రొమ్ములో గట్టి గడ్డ తగిలినా, కారణం లేకుండా రక్తం పోతున్నా డాక్టరుకు చూపించమని చెప్పండి. అది కాన్సరే అని కాదు. అయితే ముందుగా తెలిస్తే చాలావాటికి వైద్యం ఉన్నది.

ఆలోచించండి

1. గ్రాహకమే చెడిపోయి, వృద్ధికారకం అతుక్కోకుండానే లోపలికి కబుర్లు పంపుతున్నదనుకోండి. వృద్ధికారకాన్ని అడ్డుకునే మందు పనిచేస్తుందా?

2. గొలుసులో రాస్‌కు పైన ఉన్న ప్రోటీనును ఆపే మందు, రాస్ చెడిన రోగికి ఎందుకు ఉపయోగపడదు?

3. ఇమాటినిబ్ మామూలు ఏబుల్ గూట్లో కూడా కూర్చోగలదు. అయినా మంచి కణాలు చాలావరకు ఎందుకు బ్రతికిపోతున్నాయి? ఒక కణం ఒకే గొలుసుమీద ఆధారపడి ఉండటానికీ, ఎన్నో గొలుసులమీద ఆధారపడి ఉండటానికీ గల తేడా ఆలోచిస్తే జవాబు తడుతుంది.

ఒకసారి ఆట ఆడి, వరుసలో ఒక్కొక్కరిని మార్చి చూడండి. మొదటి రెండింటికి జవాబులు మీ బెంచీమీదనే దొరుకుతాయి.